వాగు దాటిన ఇంజన్

కాజీపల్లి చరిత్ర ఎవరైనా రాస్తే, ఏలీయా రోజూ పళ్లు తోముకోకముందే మిలిటరీ వేలంలో కొన్న తన జీపు బానెట్‌కు చెవి ఆనించి వినే ఆచారానికి ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. నిరుటి వానల్లో వాగు నడుమ ఆ ఇంజన్ నీళ్లు మింగి ఆగిపోయినప్పుడు, పక్కింట్లో ఉండే అన్న సుందర్‌రాజు గట్టున నిలబడి తీరిగ్గా నవ్వాడు. దానికి జవాబుగా ఏలీయా ఎండాకాలమంతా వాకిట్లో కూర్చుని బానెట్ పక్కన రంధ్రం కోశాడు. ఇంజన్ నీళ్లకు పైనుంచి గాలి పీల్చుకునేందుకు వంటింటి పొగగొట్టం ఊడదీసి అందులో బిగించాడు. సందులకు సైకిల్ ట్యూబు చుట్టి తారు పూశాడు. అప్పటినుంచి జీపుకు ఊపిరి ఆడింది, వంటింట్లో భార్య జయశీలకు ఆడలేదు.

"ఏందిరా, జీపుకు తొండం మొలిచిందా?" అన్నాడు సుందర్‌రాజు.

"నీ మొకం కనపడకుంట నడుమ గోడ కడ్త అన్నా. అప్పటిదాంక సూడు," అన్నాడు ఏలీయా తల ఎత్తకుండా.

మూడు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగితే, ఆ గోడకు సర్కారు పర్మిట్ మీద పది బస్తాల సిమెంటు దొరికింది. పటాన్‌చెరు నుంచి జీపులో తెస్తుండగా వాగు పొంగింది. "జెర ఆగు భయ్, సాయంత్రానికి తగ్గుతది," అన్నారు గట్టున ఆగిన లారీవాళ్లు. అవతలి గట్టున గొడుగు కింద సుందర్‌రాజు కనిపించాడు. ఏలీయా ఆగలేదు. కూర్చున్నవాడి నడుము దాకా నీళ్లొచ్చినా ఇంజన్ ఒక్కసారి కూడా తడబడలేదు. అన్న కాళ్ల ముందు బ్రేకు వేసి, "సూస్తివా?" అన్నాడు.

సుందర్‌రాజు జీపు వెనక భాగం చూశాడు. ఇంజన్‌లోకి చుక్క నీరు పోలేదు. సిమెంటు పది బస్తాలూ నిండా తడిశాయి.