కిటికీ పక్క కింది మంచం

మా జడ్జి కాక పోయాడని పోయిన వారం కంపెనీ బస్సులో తెలిసింది. ఊరి నుంచి ఆయన కొడుకు ఫోన్ చేశాడు. బయట పొగమంచు, కిటికీలో ఏమీ కనిపించడం లేదు. బస్సు ఎటు పోతోందో కూడా నాకు కాసేపు తోచలేదు.

ఆయన అసలు పని పైపుల వెల్డింగ్. మేముండే ఈ గల్ఫ్ ఊరు రువైస్‌లో ఇసుక తప్ప ఏమీ లేని రోజుల్లో వచ్చాడట. తగువు తీర్చేవాళ్లు లేరు, కోర్టేమో ఎక్కడో అబుదాబిలో. ఒకరి గొడవ, ఇంకొకరి అలక తీరుస్తూ తీరుస్తూ ఆయనే మా లేబర్ క్యాంపుకు సుప్రీంకోర్టు అయ్యాడు. శుక్రవారం టీ తాగాక మా రూమ్‌లో కిటికీ పక్క కింది మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. ఇద్దరి మాటా విని కళ్లు మూసుకునేవాడు. నిద్రపోయాడేమో అనుకునేలోపు తీర్పు వచ్చేది. చివర "ఖలాస్" అన్నాడంటే ఇక అప్పీలు లేదు.

కరోనా తగ్గిన కొత్తలో నా మీదా ఒక తీర్పు ఇచ్చాడు. రూమ్‌లో ఒకాయన బావమరిది పెళ్లికని కొన్న గడియారం కనిపించలేదు. ఆ రోజు జ్వరంతో రూమ్‌లో ఉన్నది నేనొక్కడినే.

"నువ్వే తీసినవ్ తమ్మీ. అందరి ముందట మాఫీ అడుగు. ఖలాస్."

చేయని దొంగతనానికి మాఫీ అడిగాను. ఆ తర్వాత నా పక్కన కూర్చుని ఎవరూ తినలేదు. ఇంటికి ఫోన్ చేయడానికి కూడా మొహం చెల్లలేదు. జడ్జి కాకను చూస్తేనే ఒళ్లు మండేది.

నెల తర్వాత గడియారం పోయిందన్నాయన ఊరికి పోవడానికి సూట్‌కేసు సర్దుతుంటే, అది లోపలి అస్తరులోనే దొరికింది. "అయిపోయిందేదో అయిపోయింది" అన్నారు అందరూ. జడ్జి కాక మాత్రం శుక్రవారం దాకా కూడా ఆగలేదు. అందరినీ పిలిచి, నన్ను తన మంచం మీద కూర్చోబెట్టి, తను నేల మీద కూర్చున్నాడు.

"తప్పు తీర్పు ఇచ్చిన. గా మంచం మీద కూసునే హక్కు నాకు లేదు. ఇయ్యాల్టి సంది అది నీది. నేను నీ పైమంచం మీద పండుకుంట."

"మోకాళ్ల నొప్పులతోని పైకెట్ల ఎక్కుతవ్ కాకా?" అన్నాను. కోపం అప్పటికే ఎటో పోయింది.

"ఎక్కినప్పుడల్లా యాదికొస్తది తియ్యి," అని నవ్వాడు.

ఉద్యోగం మాని ఊరికి వెళ్లేదాకా అక్కడే పడుకున్నాడు. ఇనుప నిచ్చెన మీద ఆయన మూలుగుతోనే నాకు తెల్లవారేది. కోర్టు ఆగలేదు, కానీ నేల మీదికి దిగింది. తీర్పు చెప్పే ముందు నా వైపు తిరిగి, "నీకేమనిపిస్తది తమ్మీ?" అనేవాడు. పోయిన నా పరువు ఆ ఒక్క మాటతో తిరిగొచ్చింది. ఆ సంగతి ఆయనకు ఏనాడూ నోరు తెరిచి చెప్పలేదు, అదే నా బాధ.

మొన్న శుక్రవారం, ఆయన వెళ్లాక ఖాళీగానే ఉన్న పైమంచం ఎక్కి పడుకున్నాను. స్పాంజి పరుపులో ఆయన ఒంటి గుంట ఇంకా ఉంది. అందులో ఒదిగి, నిద్రో మెలకువో తెలియకుండా ఏసీ చప్పుడు వింటున్నాను. తలుపు దగ్గర ఇద్దరు ఏదో తగువుతో వచ్చి నిలబడ్డారు.

"కాక లేడు గదా, ఎవలకు చెప్పాలె?" అన్నాడొకడు.

నేను మెల్లగా నిచ్చెన దిగి నేల మీద కూర్చున్నాను. కిటికీ పక్క మంచం మీద ఎండ ఒక్కటే ఉంది.