స్టేషన్ పక్కన హోటల్

స్విట్జర్లాండ్ ప్రయాణానికి మా ఆయన వేసినంత ప్లాను దండయాత్రకు వెళ్ళే రాజు కూడా వేసి ఉండడు. ప్రతి ఊళ్ళో స్టేషన్ పక్కనే హోటల్. పెట్టెలు ఈడ్చే పని లేదట. పెళ్ళికని తమిళనాడులోని రాజపాళయం వెళ్ళి, తిరుగు రైలు కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నప్పుడు కూడా ఫోన్‌లో మ్యాపు చూపిస్తూ నాకు అదే పాఠం.

పక్కనే కూర్చున్న పెద్దావిడ, ఆ దగ్గర్లోని సేత్తూరు ఊరావిడ, అంతా వింది. ఆవిడదీ తెలుగేనని నోరు విప్పేదాకా మాకు తెలియదు.

"రైలు దిగినారు, హోటల్లో తిన్నారు, సరి. రాత్రికి యాడ పండుకుంటారప్పా?"

"హోటల్లోనేనండీ," అన్నారు మా ఆయన గర్వంగా.

"బల్లల మిందనా? అంత దూరం పోయి అట్ల ఏల? ఒక లాడ్జి చూసుకోకూడదా?"

ఆవిడకు హోటలంటే ఇడ్లీ దొరికే చోటు. మా ఆయన రైలెక్కేదాకా నవ్వుతూనే ఉన్నారు, అంతటి లోకజ్ఞాని కదా!

స్విట్జర్లాండ్‌లో మొదటి ఊరు చాలా చిన్నది. ఆదివారం సాయంత్రం చేరాం. హోటల్ నిజంగా స్టేషన్ పక్కనే, పరుపు మెత్తగా ఉంది. అందులో వంటగది మాత్రం లేదు, తిండి బయటే చూసుకోవాలట. ఊళ్ళో దుకాణాలన్నీ మూసేశారు. ఆకలితో మంచం మీద కూర్చుని అడిగాను.

"పడుకునే చోటు బాగుందండీ, ఇంతకీ హోటల్ ఎక్కడ?"