ఖలీల్‌కు ఇచ్చిన తాళంచెవి

జహీరాబాద్‌లో మా పక్కింటి దర్జీ ఖలీల్ నాకు చిన్ననాటి స్నేహితుడు. నిరుడు తల్లిని బీదర్ దవాఖానలో చూపించాలని కారు అడిగితే, నేనే తాళంచెవి అతని చేతిలో పెట్టాను. తిరిగి వస్తుంటే బర్రె అడ్డం వచ్చి కారు కల్వర్టుకు గుద్దుకుంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు కానీ ముందు భాగం నుజ్జయింది.

కారు ఇంకొకరికి ఇస్తే ఇన్సూరెన్సు రాదని ఎవరో అంటే విని భయపడ్డాను. మర్నాడు మెకానిక్ షెడ్డుకు వచ్చిన ఇన్సూరెన్సు సర్వేయరు, "బండి ఎవరు నడిపిన్రు?" అని అడిగాడు.

"ఇతనే సార్. నాకు చెప్పకుండ తీస్కపోయిండు" అన్నాను, ఖలీల్ పక్కనే ఉండగా.

ఖలీల్ ఒక్కసారి నా వంక చూసి తల దించుకున్నాడు. "అవ్ సార్, చెప్పకుండనే తీస్కపోయిన."

సర్వేయరు రాయడం ఆపాడు. "అట్లయితే పోలీసు కేసు పెట్టాలె. మీరే ఇచ్చింది అయితే, ఆయనకు లైసెన్సు ఉంటే చాలు, క్లెయిము వస్తది."

"నేనే ఇచ్చిన సార్" అని గొణిగాను. ఖలీల్ జేబులోంచి లైసెన్సు తీసిచ్చాడు.

కారు బాగైంది. మొన్న బస్టాండులో ఖలీల్ తల్లి చెయ్యి పట్టుకుని కనిపించాడు. "కారు తీస్కపో భాయ్" అన్నాను.

"ఎందుకు భాయ్, బీదర్ బస్సు వస్తది."

అతని గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.