రేడియేటర్‌లో పసుపు

మూడు వందల రూపాయల పరీక్షను ఒక్క రూపాయి కూడా ఇవ్వకుండా ఎగ్గొట్టిన మొనగాణ్ని నేను. గాజువాకలో మా కిరాణా కొట్టున్న వీధిలో బేరం తెలియనివాడంటూ లేడు. కానీ అసలు సరుకే కొనకుండా డబ్బు మిగిల్చిన ఘనత మాత్రం నాదే.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పట్టుచీర కొన్నా, కట్టుడు పన్ను పెట్టించుకున్నా, ధర ముందు నేను మాట్లాడాలి. అందుకే తన డీజిల్ కారులో ఇంజన్ను చల్లబరిచే కూలెంట్ తగ్గిపోతోందని తెలియగానే మా అక్క మొగుడు మెకానిక్ దగ్గరికి వెళ్లలేదు. పెందుర్తి నుంచి నేరుగా నా కొట్టుకే వచ్చాడు. వాళ్ల కుటుంబానికి ఆ కారే తిండి పెడుతుంది. రోజూ ఐదుగురు ఉద్యోగుల్ని ఎక్కించుకుని ఫ్యాక్టరీ షిఫ్టుకు దింపాలి, తిరిగి తేవాలి. ఒక్కరోజు షిఫ్టు తప్పినా ఇంకో బండిని పెట్టుకుంటానని కాంట్రాక్టరు ముందే చెప్పి ఉన్నాడు.

మా వీధి చివరి షెడ్డులో పాతపట్నం నుంచి వచ్చి స్థిరపడిన పెద్దవయసు మెకానిక్ ఒకాయన ఉన్నాడు. ఆయన బానెట్ ఎత్తి చూశాడు. నేల మీద చుక్క లేదు. పైపులు పొడిగా ఉన్నాయి. ఇంజను వేడెక్కి లోపల ఒత్తిడి పెరిగినప్పుడే కారుతోందని, చల్లారాక కళ్లు పొడుచుకున్నా కనిపించదని అన్నాడు. రేడియేటర్ మూత దగ్గర ఒత్తిడి చూపే ముల్లున్న చేతిపంపు బిగించి గాలి కొట్టాలట. ముల్లు పడిపోతే కారుతున్నట్టే, ఇక టార్చి వేసి చుక్క ఎక్కడుందో వెతకాలి. దానికి మూడు వందలు.

"సేయించీద్దాం బావా. మూడొందలే కదా," అన్నాడు బావ.

కొనేవాడే అమ్మేవాడి ముందు 'ఇంతే కదా' అంటే ఇక బేరమెక్కడిది? వెతకడానికి డబ్బేమిటి, దొరికాక ఇస్తామన్నాను. మెకానిక్ తల కూడా ఎత్తలేదు.

"ఎక్స్‌రే తీసి ఏటీ కనపడకపోతే డాక్టరు డబ్బులు ఒగ్గేత్తాడేటి భాయ్?"

వెనక్కి తిరిగి నడిచాను. అది బేరంలో పాత ఎత్తు, వెనక్కి పిలుస్తారని. ఆయన పిలవలేదు.

మా కొట్టుకు సరుకు దింపే లారీ డ్రైవర్లు చెప్పుకోగా విన్నాను. దారిలో రేడియేటర్ కారితే చిటికెడు పసుపు వేస్తారు, అది ఉబ్బి చిల్లు మూస్తుంది. దగ్గర్లోని షెడ్డుకు చేరేదాకానే ఆ వైద్యమని కూడా విన్నాను గానీ, ఆ సగం నాకు పనికిరాలేదు. కొట్లో పసుపుకు కొదవేముంది? పొట్లం మొత్తం విప్పి పోసేశాను. తగ్గిన కూలెంట్ బదులు మా బోరునీళ్లు నింపాను. ఆ నీళ్లకు మా ఇంట్లో గిన్నెలే తెల్లగా పొలుసు కడతాయి.

పదిహేను రోజులు నీళ్లు తగ్గలేదు. ఆ పదిహేను రోజులూ ఉప్పుకు వచ్చినవాడికీ, పప్పుకు వచ్చినవాడికీ ఈ కథ చెప్పాను.

పదహారో రోజు మధ్యాహ్నం, షిఫ్టుకు వెళ్తూ గోపాలపట్నం దాటాక బావ ఫోన్ చేశాడు.

"ఏడి ముల్లు ఎర్రగీత కాడికి ఎల్లిపోనాది బావా. ఆపీమంటావేటి?"

ఆపేయమంటే ఐదుగురికీ షిఫ్టు తప్పుతుంది. ఆపేయమంటే నా పసుపు ఓడిపోయినట్టు కూడా. ఈ రెండో సంగతి ఆ రోజు ఎవరడిగినా ఒప్పుకునేవాణ్ని కాదు.

"ఏటీ అవదు. ఏసీ ఆపీసి మెల్లగా ఎల్లిపో. సేరాక నీల్లు పోద్దువు," అన్నాను.

నా మాట మీద వెళ్లాడు. ఆరేడు కిలోమీటర్లు పోయాక ఇంజను ఆగిపోయింది. ఐదుగురూ దిగి ఆటోల వెంట పరిగెత్తారు. నేను చేరేసరికి బావ ఎండలో డివైడర్ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను తిట్టి ఉంటే నేనూ తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ని, కాస్త తేలికపడేది.

కారును లాగించుకుని అదే షెడ్డుకు తెచ్చాం. మెకానిక్ డబ్బు మాట ఎత్తకుండానే పంపు బిగించాడు. ముల్లు నిలవలేదు. వాటర్ పంపు అడుగున పుల్ల పట్టేంత రంధ్రం నుంచి పసుపుపచ్చని చుక్క జారింది. లోపలి సీలు అరిగితే నీళ్లు బయటపడి తెలియడానికే ఆ రంధ్రం ఉంటుందట. మేం వెతికేలోపు ఇంజను వేడికి ఆ చుక్కలు ఆరిపోయేవి. మొదటి రోజే చూసి ఉంటే పంపు ఒక్కటి మారిస్తే సరిపోయేది. రేడియేటర్ విప్పి చూపించాడు. సన్నని గొట్టాల్లో పసుపూ బోరునీళ్ల సున్నమూ కలిసి గట్టిపడ్డాయి. నీళ్లు తిరిగే దారి లేక ఇంజను పైన మూతలా ఉండే హెడ్ వంగిపోయింది, దాని కింద అతుకు మూసే గాస్కెట్ కాలిపోయింది.

మూడో రోజు అక్క ఫోన్ చేసింది.

"కాంట్రాక్టరు ఏరే బండి ఎట్టీసినాడ్రా. నీతోటి సెప్పొద్దన్నారు మీ బావ."

పన్నెండో రోజు కారు తయారైంది. మెకానిక్ బిల్లు కాగితం ఇచ్చాడు. అలవాటుకొద్దీ నోరు తెరిచాను. బావ నా వైపు చూశాడు. మూసేశాను. సగం తాను వేసుకుంటానన్నాడు బావ. వద్దనాలి. అనేముందు మనసులో ఒకసారి లెక్క చూసుకున్నాను, ఆ కాస్త వ్యవధిలోనే ఆయన జేబులోంచి నోట్లు తీసేశాడు.

హెడ్ చదును చేయించడం, గాస్కెట్, వాటర్ పంపు, కొత్త రేడియేటర్, కూలెంట్, కూలి, లాగిన బండి ఖర్చు కలిపి ఇరవై మూడు వేలు. అందులో పదకొండున్నర వేలు బావవి. పన్నెండు రోజుల సంపాదన బావది. నెలనెలా వచ్చే ఫ్యాక్టరీ ట్రిప్పు బావది. నాకు పడింది పదకొండున్నర వేలు మాత్రమే.