బాపు ఫిట్ అయిన రోజు

మా గోదావరిఖనిలో ‘అన్‌ఫిట్’ అనేది శుభవార్త. బయటి ఊళ్ళవాళ్ళకు ఈ సంగతి చెబితే ముందు నవ్వుతారు, తర్వాత మా ముఖాలకేసి అదోలా చూస్తారు. బొగ్గుబాయిలో పనిచేసే మనిషి జబ్బు వల్ల ఇక ఆ పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే, అతని బదులు కొడుక్కో కూతురికో నౌకరీ వస్తుంది. అందుకని మా కాలనీలో ఎవరైనా అన్‌ఫిట్ అయితే చుట్టాలను పిలిచి దావత్ చేస్తారు. ఫిట్ అని వస్తే మాత్రం ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, "గట్లెట్లాయె అక్కా" అని పరామర్శించి పోతారు. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగాను కాబట్టి ఇందులో నాకు వింతేమీ కనబడలేదు, మా ఇంటి వంతు వచ్చేదాకా.

నేను ఎనిమిదేళ్ళు ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పాను. పిల్లలు తగ్గిపోయి ఆ బడి మూతపడింది. తర్వాత మంచిర్యాలలో ఒక బట్టల దుకాణంలో చేరి చీరలు విప్పి చూపించడం, మళ్ళీ మడత పెట్టడం నేర్చుకున్నాను. నా దగ్గర చదివిన పిల్లల తల్లులు వచ్చి, "సారూ, గా నీలంది తియ్యుండ్రి" అనేవాళ్ళు. ఆ సారూ అనడం మానేస్తే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. కొన్నాళ్ళకు బేరాలు పడిపోయి ఆ పనీ పోయింది. మా నాన్నను మేం బాపు అంటాం. బొగ్గుబాయిలో పనిచేసే ఆయన బదులు నాకు రావలసిన నౌకరీకి వయసు హద్దు ఉంటుంది. నేను ఆ హద్దుకు కొద్ది నెలల ఇవతల ఉన్నాను. బాపు అన్‌ఫిట్ అయితే ఆ నెలల్లోనే కావాలి.

గడ్డుకాలంలో చిన్న చిన్న సంతోషాలు వెతుక్కోవాలని ఫోన్లో వీడియోలు పెట్టేవాళ్ళు చెబుతుంటారు. వాళ్ళ నోట మట్టి పడలేదు కాబట్టి ఎన్నైనా చెబుతారు. మేం వెతుక్కున్నది బాపు ఒంట్లో రోగాన్ని. ఆయన దగ్గితే నేనూ అమ్మా ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం. మోకాలు పట్టుకుని లేస్తే మాకు ప్రాణం లేచి వచ్చేది. చలికాలం దగ్గు మొదలవగానే రోజూ మిరియాల కషాయం కాచి ఇచ్చే అమ్మ, బోర్డు తేదీ తెలిసిన దగ్గర్నుంచి కాచడం మానేసింది. బాపు అడిగితే మిరియాలు అయిపోయాయంది. డబ్బా సగానికి పైగా ఉందని నాకు తెలుసు. 

మాది క్రైస్తవ కుటుంబం. బోర్డుకు ముందు బుధవారం పాస్టరయ్యగారు మా ఇంటికి ప్రార్థనకు వచ్చారు. కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చిన మనిషి. "దేని గురించి ప్రార్థించమంటారమ్మా?" అని అడిగారు. అమ్మ కొంగు సర్దుకుంది. మొగుడికి రోగం తేలాలని దేవుణ్ణి అడగమని ఏ నోటితో చెబుతుంది? "ఆయనకు దవాఖానల పరీక్షలున్నయి అయ్యగారూ. మంచిగ జరగాలె" అంది. పాపం, ఆయన ఆ మాటను లోకమంతా అర్థం చేసుకునేట్టే అర్థం చేసుకున్నారు. కళ్ళు మూసుకుని, అరికాలు నుంచి నడినెత్తి దాకా ఈ సహోదరుణ్ణి స్వస్థపరచమని, ఏ వ్యాధీ ఆయన దరికి రాకుండా చూడమని గొంతెత్తి వేడుకున్నారు. ఎక్కడ దేవుడు వింటాడోనని ఆ ప్రార్థన సాగినంతసేపూ నేను భయపడుతూనే ఉన్నాను. చివర్న ఆమెన్ అన్నది బాపు ఒక్కడే.

బోర్డు కూర్చునే ఊరికి బాపు ఒంటరిగానే పోయాడు. మూడో రోజు మధ్యాహ్నం తిరిగి వచ్చి, చెప్పులు విడుస్తూ "ఫిట్టే" అన్నాడు.

ఆయన కోసం తెచ్చిన మంచినీళ్ళ చెంబును అమ్మ గుమ్మంలోనే కింద పెట్టేసింది. "ఏం చెప్పినవ్ బాపూ వాళ్ళకు?" అని అడిగాను.

"నాగాలెన్ని ఉన్నయని అడిగిండ్రు. ఒక్కటి గూడ లేదు సార్, వానొచ్చినా వరదొచ్చినా డ్యూటీకి పోయిన అని చెప్పిన."

నాగా అంటే డ్యూటీకి పోని రోజు. బాపుకు చదువు లేదు, భూమి లేదు. నాగా లేకపోవడం ఒక్కటే ఆయనకున్న గొప్ప. ఎవరు కొత్తగా కలిసినా ముందు ఆ మాటే చెబుతాడు. ఒంట్లో బాగాలేదని చూపించుకోవడానికి పోయిన చోట కూడా అదే చెప్పుకుని వచ్చాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"జెరంత మూల్గితే నీ సొమ్మేం పోతుండె? గా నాగాల ముచ్చట చెప్పి నా నౌకరి ఊడగొట్టినవ్. నీకు ఏ రోగం లేదు, గదే మాకు పట్టిన రోగం" అన్నాను.

నిజానికి ఎక్స్‌రే, రక్తం, ఊపిరి పరీక్ష అన్నీ బాగానే వచ్చాయి. ఆయన నోరు విప్పకపోయినా ఫిట్టే అయ్యేవాడు. ఆ సంగతి అరుస్తున్నప్పుడు కూడా నాకు తెలుసు. కానీ కోపం తీర్చుకోవడానికి ఎదురుగా ఆయన ఉన్నాడు.  మర్నాడు బాపు ఫస్ట్ షిఫ్టుకు పోయాడు. నేను ఆయనతో మాట్లాడటం మానేశాను.

నాలుగు రోజుల తర్వాత అమ్మ బట్టలు నానబెడుతూ, బాపు ఊరికి వేసుకుపోయిన తెల్ల అంగీ పైకెత్తి చూసింది. జేబు దగ్గర పసుపుపచ్చగా, జిగటగా ఏదో మరక.

"గిదేంది?" అంది.

డ్యూటీ నుంచి వచ్చి గడప దగ్గర కూర్చున్న బాపు దొంగతనం బయటపడ్డవాడిలా చూశాడు. "జిలేబి పాకం" అన్నాడు.

"ఎక్కడ తిన్నవ్?"

"బస్టాండ్ల." నా వైపు చూడకుండా చెప్పాడు. "డాక్టరు ఎక్స్‌రే చూసి, గిన్నేండ్లు బొగ్గుల పనిచేసినా నీ ఊపిరితిత్తులు సాఫ్ ఉన్నయయ్యా అన్నడు. నాకు మస్తు సంబురమైంది. పావుకిలో కొనుక్కొని ఆడ్నే తిన్న. ఇంటికి గూడ తెద్దామనుకున్న. తెస్తే ఎందుకు తెచ్చినవని అడుగుతరు గదా, ఏం చెప్పాలె?"

అమ్మ అంగీని నీళ్ళలో ముంచి అలాగే పట్టుకుని కూర్చుంది. నాకు సిగ్గుతో ఏడుపొచ్చింది. మా బాపు బాగున్నాడని ఈ ఇంట్లో సంతోషపడ్డ మనిషి మా బాపు ఒక్కడే. ఆ సంతోషాన్ని కూడా ఇంటికి తెచ్చుకోలేక, బస్టాండులో నిలబడి ఒంటరిగా తిని, మూతి తుడుచుకుని వచ్చాడు.