రాత్రి షిఫ్టుకు రాసిన షరతు

నాన్న ఈ హిందీ ఊళ్లోని ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళ్తాడు. బర్మామైన్స్‌లోని మా ఇంట్లో అన్నం వండే వేళ, టీవీ గొంతు తగ్గించే వేళ, అన్నీ ఆయన షిఫ్టును బట్టే ఉంటాయి. అందుకే కాసిడీహ్‌లోని కంప్యూటర్ సెంటర్‌లో సార్ ఇంటికి పనికొచ్చే ప్రోగ్రామ్ ఒకటి రాసుకురమ్మన్నప్పుడు నేను పెద్దగా ఆలోచించలేదు. గంట ఎంతో టైప్ చేస్తే అప్పుడు ఏ షిఫ్టు నడుస్తోందో అది చెప్పాలి.

అప్పటికి మాకు వచ్చినవి షరతులే. ఇది నిజమైతే ఇలా చెయ్యి, కాకపోతే కింది షరతు చూడు, ఏదీ కుదరకపోతే చివరి మాట చెప్పు. బాగా రాసినవాళ్లలో ఒక్కరిని సార్ పై కోర్సుకు పంపుతారు. ఆ సీటు నాకు కావాలని డైరీలో రాసుకోవడమే తప్ప ఎవరితోనూ అనలేదు.

ఇంట్లో కంప్యూటర్ లేదు కాబట్టి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇరవై నాలుగు గంటల లెక్కలో ఆరు నుంచి పద్నాలుగులోపు ఎ షిఫ్టు, అక్కణ్ణుంచి ఇరవై రెండులోపు బి షిఫ్టు. ఇరవై రెండు గానీ ఆపైన గానీ అయి ఉండాలి, ఆరులోపూ ఉండాలి, అలాగైతే సి షిఫ్టు. చివరి మాటగా ‘డ్యూటీ లేదు’ అని పెట్టాను.

“సి షిఫ్టు మర్సిపోకమ్మా, దానికే అందరూ ఎగ్గొడతారు,” అన్నాడు నాన్న.

సెంటర్‌లో ఏడు కొట్టాను, పదిహేను కొట్టాను, రెండూ సరిగ్గా వచ్చాయి. సార్ వెనకనుంచి వంగి ఇరవై మూడు కొట్టారు. తెరమీద ‘డ్యూటీ లేదు’ అని వచ్చింది. పక్క కంప్యూటర్ అమ్మాయి, మీ నాన్న రాత్రిళ్లు హాయిగా నిద్రపోతారన్నమాట అని హిందీలో అంది. అందరూ నవ్వారు. సార్ నాకు పది నిమిషాలు ఇచ్చారు.

లైన్ల ముందు ఖాళీలు సరిచేశాను. షరతుల వరుస మార్చాను. ఎన్నిసార్లు నడిపినా నాన్నకు డ్యూటీ లేదు. చివరికి కనిపించింది. ఇరవై మూడు ఆరుకు లోపు కాదు, తెల్లవారుజాము మూడేమో ఇరవై రెండుకు పైన కాదు. రెండు షరతులూ ఒకేసారి నిజమయ్యే గంటే లేదు. మా ఇంట్లో రాత్రి అంతా ఒకటే. టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లిన మనిషి పొద్దున్నే వస్తాడు, మధ్యలో పన్నెండు దగ్గర గంటల లెక్క సున్నాకు పడిపోవడం మాకు పట్టదు. రెండూ నిజం కావాలనే ‘యాండ్’ తీసి, ఏ ఒక్కటైనా చాలనే ‘ఆర్’ పెట్టాను. సి షిఫ్టు వచ్చింది.

ఇప్పుడెందుకు వచ్చిందని సార్ హిందీలో అడిగారు. జవాబు నాలో మొత్తం ఉంది. కానీ అందరూ నావైపు తిరిగేసరికి కీబోర్డు చూస్తూ ఉండిపోయాను. సార్ పక్క అమ్మాయిని చూసి, ఈమె చెప్పిందా అని నన్నడిగారు. కాదనడానికి ఒక్క మాట చాలు. అదీ రాలేదు. చూసి రాయడం కన్నా అర్థం చేసుకోవడం ముఖ్యమని మెత్తగా అని ఆయన ముందుకు వెళ్లిపోయారు.

ఆ రోజు నాన్నది ఎ షిఫ్టు. మూడింటికి ఆయన అన్నం తింటుంటే అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. నేను ముగించకముందే ఆయనకు అర్థమైంది.

“మరి ఇదే సార్‌కి సెప్పలేదేటి?”

నేను ఆయన గ్లాసులో నీళ్లు పోశాను.

“నాను వచ్చి సెప్పనా?”

వద్దని తల ఊపాను.

మర్నాడు అరగంట ముందే బయల్దేరాను. చెప్పాల్సిన రెండు వాక్యాలు ఆటోలో పెదాలు కదలకుండా అనుకుంటూనే ఉన్నాను. గదిలో సార్ ఒక్కరే ఉన్నారు, పై కోర్సు ఫారం ముందు పెట్టుకుని. తలెత్తి ఏమిటన్నారు. ప్రింటర్‌లో కాగితాలు అయిపోయాయని చెప్పాను. సరే, తెప్పిస్తానన్నారు. నేను అక్కడే నిలబడి ఉండగానే ఆయన పక్క కంప్యూటర్ అమ్మాయి పేరు రాశారు.