లిఫ్టుతో పోట్లాడిన పెదనాన్న

ఇంగ్లీషులో అచ్చయిన కాగితం ఏది కనిపించినా మా పెదనాన్న దానితో పోట్లాడతాడు. కుక్కర్ పెట్టెలో వచ్చే కాగితం, మందుసీసాకు చుట్టిన చీటీ, బ్యాంకు గోడమీది నోటీసు, ఏదైనా సరే. ఇంగ్లీషు సాహిత్యం పాఠాలు చెప్పే మనిషి నవలల మీద పడాలి గానీ కుక్కర్ల మీద పడటమేమిటని ఎవరూ అడగరు. అడిగితే తమ మీద పడతాడని భయం.

ఒకసారి కార్డు మార్చుకోవడానికి నన్ను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్ళాడు. గోడమీది నోటీసు దగ్గర ఆగిపోయాడు.

"మేనేజరుగారూ, ఇందులో మాట్లాడేది ఎవరండీ?"

"బ్యాంకండీ."

"ఎవరితో?"

"కస్టమర్లతో."

"దొంగలతో మాట్లాడుతున్నట్టుందే! మొదటి పేరాలో అనుమానం, రెండో పేరాలో బెదిరింపు, చివర్లో ధన్యవాదాలు. ఏం మనసులో పెట్టుకుని రాశారు?"

"పై ఆఫీసు నుంచి వచ్చిందండీ. మా మనసులో ఏమీ లేదు."

"నేనూ అదే అంటున్నాను. ఏమీ లేదు!"

వెనక నిలబడ్డవాళ్ళు పగలబడి నవ్వారు. మేనేజరు మొహం మాడిపోయింది. కార్డు మారలేదు. నేను మాత్రం ఆయనెవరో తెలియనట్టు, బల్లమీది పెన్నుకు కట్టిన దారాన్ని శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాను.

ఇంత చూసి కూడా నేను వెళ్ళి ఆయన డిపార్టుమెంటులోనే చేరాను. మా నాన్న అకౌంటెంటు. ఆయన తల పట్టుకున్నాడు.

"మా అన్నయ్యను రోజూ చూస్తూ కూడా ఆ చదువేనా? సరే, చదువు. పూర్తయ్యేలోగా ఉద్యోగం చూసుకో. లేదంటే నోరు మూసుకుని మా ఆఫీసులో నా పక్కన కూర్చో."

నాన్న పక్కన ఒక పూట కూర్చుని చూశాను. ఆయన రోజంతా అంకెలతో మాట్లాడతాడు. మనుషులొస్తే దగ్గి ఊరుకుంటాడు. నాకు నిజంగానే భయం వేసింది.

మా కోర్సు బ్రోషర్‌లో 'విశాలమైన అవకాశాలు' అని రాసి ఉండేది. అవి ఎంత విశాలమంటే, ఎటు చూసినా ఒక్క తలుపు కూడా కనిపించేది కాదు. చంద్రుడు దేనికి చిహ్నమో మేము పేజీలకు పేజీలు రాయగలం. కరెంటు బిల్లు చేతికిస్తే తెల్లమొహం వేస్తాం. ఆఖరి సంవత్సరంలో పెదనాన్న దగ్గరికే వెళ్ళాను.

"పెదనాన్నా, నాకో ఉద్యోగం చూసిపెట్టవా?"

"నేను పాఠాలు చెప్పేవాణ్ణమ్మా, ఉద్యోగాలు ఇప్పించేవాణ్ణి కాను," అని ఆయన దగ్గుమందు చీటీలోకి తల దూర్చాడు. "ఇది చూశావా? మూడో వాక్యానికే రోగిని చంపేశాడు. మందు వేసుకునేదాకా అయినా బతకనివ్వొద్దూ?"

ఆ రోజుల్లోనే ఆయన ఎక్కిన లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఒక తల్లి, ఏడుస్తున్న పిల్ల ఉన్నారు. గోడమీద ఇంగ్లీషు నోటీసు ఉంది, తెలుగులో చెబితే ఇలా: 'ప్రమాద సమయమున వినియోగదారుడు ప్రశాంతత వహించవలెను. వహించనిచో సంస్థ బాధ్యత వహించదు.' బయటపడ్డాక అందరూ ఇళ్ళకు వెళ్ళారు. మా పెదనాన్న లిఫ్టు కంపెనీకి వెళ్ళాడు.

"క్షేమంగా దింపారు కదా, తిట్టడమెందుకు?" అంది పెద్దమ్మ.

"ఆగినందుకు తిట్టలేదే. ఏడుస్తున్న పిల్లతో అలా మాట్లాడినందుకు తిట్టాను."

ఒకసారి తిట్టి ఊరుకుంటే మా పెదనాన్న ఎందుకవుతాడు? మళ్ళీ మళ్ళీ వెళ్ళి తిట్టాడు.

కనిపించిన ప్రకటనకల్లా దరఖాస్తు పెట్టిన నాకు, ఎన్నాళ్ళకో ఒక్క ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఆ లిఫ్టు కంపెనీ నుంచే! పెదనాన్న నా కొంప ముంచాడనుకున్నాను.

అక్కడి మేనేజరు నా ఇంటిపేరు చదివి ఆగిపోయాడు. "ఆ లెక్చరరుగారు మీకేమవుతారు?"

ఎవరండీ ఆయన, అనబోయి మానుకున్నాను. "మా పెదనాన్నండీ."

ఆయన గ్లాసెడు నీళ్ళు గటగటా తాగాడు. "ఆఖరిసారి వచ్చినప్పుడు నాకూ ఒళ్ళు మండి, 'రాసేవాళ్ళు మాకు లేరండీ, ఏం చెయ్యమంటారు?' అని అరిచాను. అంత కోపమూ ఎటు పోయిందో, చల్లగా 'ప్రకటన వెయ్యండి, మా పిల్లలు వస్తారు' అన్నారు."

"నా పేరు చెప్పారా?"

"ఎవరి పేరూ చెప్పలేదు. బాగా రాసినవాళ్ళని తీసుకోమన్నారు, అంతే. బ్యాంకు మేనేజరుగా ఉన్న మా తోడల్లుడిదీ ఇదే గొడవ. ఇప్పుడు వాళ్ళ పై ఆఫీసులో నోటీసులు రాసేది మీ సీనియరేనట."

నాకు ఒక్కొక్కటే వెలిగింది. కుక్కర్ కంపెనీలో చేరిన సీనియర్ అక్క, మందుల కంపెనీలో చేరిన అన్న, అందరూ మా డిపార్టుమెంటువాళ్ళే. మేము పిచ్చి అనుకుని నవ్వుకున్న మనిషి, ఊరంతా తిరిగి గోడలకు మా కోసం తలుపులు పెడుతున్నాడు. ఆయన మీద అంత ప్రేమ నాకు అంతకుముందెప్పుడూ కలగలేదు.

ఆగిన లిఫ్టులో ఏ నోటీసు ఉండాలో ఇంగ్లీషులో రాయమన్నారు. ఆ పిల్లను తలుచుకుని రాశాను: 'లిఫ్టు ఆగింది. పడిపోదు. గాలి వస్తూనే ఉంటుంది. ఎర్ర బటన్ నొక్కితే మా మనిషి మీతో మాట్లాడతాడు. పిల్లలుంటే వాళ్ళతో నొక్కించండి.'

మేనేజరు రెండుసార్లు చదువుకుని, ఉద్యోగం ఇచ్చాడు.

ఇంటికొచ్చి అడిగేశాను. "పెదనాన్నా, ఆ పోట్లాటలన్నీ మాకోసమా?"

"ఛ! కోపమొచ్చింది, అరిచాను. ఏదీ, ఆ కాగితం ఇటివ్వు."

నా అపాయింట్‌మెంట్ ఆర్డరు అందుకుని చదివాడు. కనుబొమలు పైకి లేచాయి. "ఎవరమ్మా ఇది రాసింది? ఉద్యోగానికి పిలుస్తున్నారా, జైలుకు పంపుతున్నారా?" అంటూ చెప్పులు వేసుకున్నాడు.

"ఎక్కడికి?"

"మీ కంపెనీకే. ఉత్తరాలు రాయడానికి ఇంకో మనిషి కావాలి వాళ్ళకి. నీ వెనక బ్యాచ్‌లో ఒక పిల్ల బాగా రాస్తుంది."

"రేపు నేను అక్కడ చేరాలి పెదనాన్నా! నా పరువేం కాను?"

"దానికేముంది? నేనెవరో తెలియనట్టు పెన్నుకు కట్టిన దారం చూస్తూ నిలబడు. నీకది బాగా వచ్చుగా," అంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.